సత్తయ్య బండిల వాసన

నలభై ఏండ్లల్ల నేను డాష్‌బోర్డు మొత్తం పీకి కింద పెట్టిన బండ్లు పది పన్నెండు కంటే ఎక్కువ ఉండవు. క్లచ్చులు, బ్రేకులు, గేర్‌బాక్సులు ఎన్ని చేసిన్నో యాదికి లేదు. అయినా నీ సర్వీసుల మరిచిపోని పని ఏందని ఎవరన్న అడిగితే, ఒక పికప్ బండిల నుంచి హీటర్ కోర్ బయటికి తీసిన రోజు గురించే చెప్త. పని కష్టమైందని కాదు. ఆ పని మూడు నెలల ముందే చెయ్యాల్సి ఉండె. చెయ్యలేదు. ఆ మూడు నెలలల్ల ఒక మనిషి పరువు పోయింది. పోగొట్టింది నేను.

మోకాళ్లు మొరాయించి రెండేండ్ల కింద షెడ్డు మా తమ్ముని కొడుక్కి అప్పజెప్పిన. మొన్న ఒక ఐటీఐ కాలేజీల డీజిల్ మెకానిక్ నేర్చుకునే పిల్లలకు నాలుగు మాటలు చెప్పుమని పిలిచిన్రు. మైకు ముందట నిలబడి, "కష్టపడి పని చెయ్యున్రి" అని దిగివచ్చిన. ఆ మాట చెప్పడానికి నేను అక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉండె. అది ఇక్కడ రాస్తున్న.

ఉస్తాద్ అరచెయ్యి

నేను పని నేర్చుకున్నది నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల, ఖాదర్ ఉస్తాద్ షెడ్ల. ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకొని పోతే, ఆయన దాన్ని సూడకుండానే నా చేతులు సూసిండు. "ఇవి ఇంకా కాగితం చేతులే" అన్నడు.

అసొంటి మెకానిక్‌ను నేను మళ్ల సూడలేదు. పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్ మీద పెట్టి, ఇంకో కొస చెవికి ఆనిచ్చి, ఏ బేరింగ్ పోయిందో చెప్పెటోడు. ఇంజన్ ఆయిల్ రెండు వేళ్ల మధ్య రుద్ది, బండి ఎన్ని దినాలు సర్వీసు లేకుండ తిరిగిందో చెప్పెటోడు. నాకు వచ్చిన పనంత ఆయన పెట్టిన భిక్షనే. అందుకే ఇప్పుడు రాసే మాట రాయబుద్ధి అయితలేదు. కానీ రాయాలె.

ఉస్తాద్ డ్రైవర్ల మాట విననిచ్చెటోడు కాదు. డ్రైవర్ వచ్చి, "ఉస్తాద్, ఎక్కేటప్పుడు ఇట్ల చప్పుడైతుంది, దిగేటప్పుడు..." అని మొదలు పెడ్తడో లేదో, ఉస్తాద్ అరచెయ్యి పైకి లేపెటోడు. "బస్, బస్. చావీ ఇచ్చి పో." తర్వాత మా దిక్కు తిరిగి అనెటోడు: "డ్రైవర్ మాట వింటే పని ఖరాబైతది. వాడు తన తప్పు దాచుకొని చెప్తడు. మీరు గాడీ మాట వినున్రి."

పదిహేనేండ్లు ఆ అరచెయ్యి సూసిన. ఉప్పల్ల సొంత షెడ్డు పెట్టుకున్నంక నా చెయ్యి కూడా అట్లనే లేచేది. మంచి మెకానిక్ అంటే గట్లనే ఉండాలె అనుకున్న. ఉస్తాద్ చెవి నాకు పూర్తిగ రాలేదు. అరచెయ్యి మాత్రం పూర్తిగ వచ్చింది.

విజయక్క బన్నుల బండి

నాచారంల విజయక్కకు చిన్న బేకరీ యూనిట్ ఉంది. బన్నులు, రస్కులు, దిల్‌పసంద్ చేస్తరు. మొదలు అది ఆమె భర్త నడిపించెటోడు. ఆయన తాగి తాగి కాలేయం పాడై పోయిండు. దవాఖానాల ఆఖరి పదిహేను దినాలు విజయక్క ఒక్కతే ఉండి సూసింది. ఆ తర్వాత యూనిట్ తన చేతులకు తీసుకున్నది. పనోళ్లకు ఆమె పెట్టిన షరతు ఒక్కటే. తాగినోడు తన గేటు లోపట అడుగు పెట్టొద్దు.

ఆమె పికప్ బండి నడిపేది సత్తయ్య. జనగామ దిక్కు నుంచి వచ్చినోడు. భార్య, బిడ్డతోని మేడిపల్లిల ఒక కిరాయి అర్రల ఉండెటోడు. పొద్దుగాల ఆరింటికి బండి ఎత్తితే ఉప్పల్, బోడుప్పల్, మేడిపల్లి, ఘట్‌కేసర్ దాక కిరాణా షాపులకు, టీ హోటళ్లకు బన్నులు వేసి పది, పదకొండుకు తిరిగి వచ్చెటోడు.

పనిల చేరిన రోజే సత్తయ్య విజయక్కకు ఒక మాట చెప్పిండట. "అక్కా, నేను ఒకప్పుడు తాగేటోణ్ణి. బిడ్డ పుట్టినంక బంద్ జేసిన, ఏడాది దాటింది. రేపు ఎవరో చెప్తే నీకు తెల్సుడు కంటే నేనే చెప్తున్న." విజయక్క ఒక దినమంత ఆలోచించి పెట్టుకున్నదట. ఎనిమిదేండ్లు ఒక్క మాట పడకుండ నడిచింది.

ఆ ఏడు వానకాలంల సత్తయ్య నా షెడ్డుకు మూడు సార్లు వచ్చిండు. మొదటిసారి వచ్చినప్పుడు, "అన్నా, రేడియేటర్ల నీళ్లు తగ్గుతున్నయ్, కింద సూస్తే ఎక్కడ కారిన జాడ లేదు" అన్నడు. నేను చెయ్యి లేపిన. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కొంచెం పోసి, సరిపోకుంటే మా బోరు నీళ్లు కలిపి పంపిన. రెండోసారి, "అద్దం లోపటి దిక్కు జిడ్డు పడుతుందన్నా. బ్లోయర్ పెడ్తె ఇంకా ఎక్కువ అయితుంది" అన్నడు. "బట్టతోని తుడువు" అని చెప్పిన. మూడోసారి కాళ్ల కింది మ్యాట్ తడి ఉందని సూపెట్టిండు. వానకాలం, దాని మీద ఏసీ నీళ్లు, అంతే అనుకున్న. నేను వంగి కూడ సూడలేదు. పోయేటప్పుడు ఆగి, "బండిల కూసుంటే తల బరువైతుందన్నా" అన్నడు. "తల నొప్పి డాక్టర్ కాడికి తీస్కపో, నా కాడికి ఎందుకు" అని నవ్విన. ఆయన కూడా నవ్విండు.

బండి తన రోగాన్ని ఆయన నోటితోని చెప్పిచ్చింది. బండి మాట వినాలె అని నేర్చుకున్నోణ్ణి, నేను వినలేదు.

నేనన్న మాట

ఒక వాన పొద్దు బోడుప్పల్ కాడ, వరంగల్ రోడ్డు మీద పిల్లర్ల పని జరిగే చోట, సత్తయ్య బండి బారికేడ్లను గుద్దింది. పక్కన నిలబడి ఉన్న కూలి మనిషి ఎగిరి పక్కకు దుంకబట్టి బతికిపోయిండు. బండికి ఒక హెడ్‌లైటు, బంపర్ పోయినయ్. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఒక్క జానెడు తేడాల ఒక ప్రాణం పోయేది.

సత్తయ్య చెప్పింది ఒక్కటే. "అద్దం ఒక్కసారిగ తెల్లగైపోయిందక్కా. ముందట ఏం కనవడలేదు." అప్పుడు ఆయన కండ్లు ఎర్రగున్నయ్. మాట కొంచెం తడబడ్డది. అసొంటి కండ్లు విజయక్క తన ఇంట్ల చానా ఏండ్లు సూసింది.

బండి నా షెడ్డుకు తెచ్చిన్రు. పగటీలి ఆమె ఫోన్ చేసింది.

"అన్నా, నిజం చెప్పు. లోపం బండిల ఉందా, మనిషిల ఉందా?"

నేను బ్రేకులు సూసిన, మంచిగున్నయ్. స్టీరింగ్ సూసిన, మంచిగుంది. టైర్లు మంచిగున్నయ్. వాన పడుతుందని అద్దాలన్ని ఎక్కిచ్చి క్యాబిన్ల కూసున్న. ఒక వాసన వచ్చింది. తియ్యగ, పులిసినట్టు. బెల్లం నానబెట్టి మరిచిపోతే వచ్చే వాసన. సత్తయ్య పాత సంగతి నాకు తెల్సు. ఎర్రటి కండ్ల సంగతి కూడా తెచ్చినోళ్లు చెప్పిన్రు. వాసన ఎక్కడి నుంచి వస్తుందని నేను వెతకలేదు. నాకు తెల్సిన కథల దాన్ని పెట్టుకున్న.

"బండిల ఏం లేదక్కా" అని చెప్పిన. ఆగాల్సి ఉండె, ఆగలేదు. "లోపటైతే వాసన వస్తుంది."

విజయక్క ఫోన్ పెట్టేసింది. ఆ మాపటికే సత్తయ్యను పనిల నుంచి తీసేసింది. ఏ దవాఖానాలనన్న టెస్టు చేపియ్యుమని ఆయన బతిమాలిండట. "మా ఆయన కూడ ఇట్లనే అనెటోడు" అన్నదట ఆమె.

తెల్లారి సత్తయ్య నా షెడ్డుకు వచ్చిండు. నేను ఒక ఆటో కింద ఉన్న. ఆయన చెప్పులు కనిపిస్తున్నయ్. చానాసేపు అట్లనే నిలబడ్డడు. ఇగ తప్పక బయటికి వచ్చిన.

"అన్నా, నువ్వేం వాసన సూసినవ్?"

"వాసనొచ్చింది సత్తయ్యా. నువ్వు తాగినవని నేను అనలేదు."

"మరేమన్నవ్?"

చేతులకు గ్రీజు లేకున్నా బట్టతోని తుడుసుకుంట నిలబడ్డ. ఆయన ఎల్లిపోయిండు.

ఉప్పల్ల పికప్ బండ్ల అడ్డా ఉంటది. ఇండ్లు మారేటోళ్లు, సామాను తోలేటోళ్లు అక్కడికే వస్తరు. రెండు దినాలల్ల అడ్డా అంతటికి తెల్సింది. ఎనిమిదేండ్లు దాచిండు, ఆఖరుకు దొరికిండు అన్నరు. ఎవ్వరూ ఆయన చేతికి బండి ఇయ్యలేదు. మేడిపల్లిల ఒక సిమెంట్ షాపుల బస్తాలు మోస్తున్నడని తర్వాత విన్న. అయినా పాన చేతిల పట్టుకొని నా పని నేను చేసుకున్న.

మాల వేసుకున్న డ్రైవర్

కొత్త డ్రైవర్ పేరు రాజు. కార్తీకంల ఆయన అయ్యప్ప మాల వేసుకున్నడు. నల్ల బట్టలు, పొద్దుగాల చన్నీళ్ల స్నానం, ఒక్క పూట భోజనం. ఒక రోజు అదే పికప్ తీసుకొని షెడ్డుకు వచ్చిండు. బండి దిగి తలుపు పట్టుకొని నిలబడ్డడు. కండ్లు ఎర్రగున్నయ్.

"స్వామీ, ఈ బండిల కూసుంటే తల తిరుగుతుంది. పొద్దుగాల మంచుకు అద్దం తెల్లగైతే గరం గాలి పెడ్తున్న, అప్పుడు కండ్లు మండుతున్నయ్. ఇంకోటి స్వామీ..." చెప్పడానికి ఆయనకే సిగ్గైంది. "పూజల కూసుంటే గురుస్వామి అడిగిండు, ఏంది స్వామీ నీ బట్టల ఈ వాసన అని. నేను మాలల ఉన్న. ఏమని చెప్పాలె?"

అక్కడ ఒక పాత టైరు ఉంటే దాని మీద కూసున్న. రాజు స్వామి పక్కకు వచ్చి, "పాణం మంచిగలేదా స్వామీ, నీళ్లు తెమ్మంటవా" అని అడుగుతున్నడు.

లేచి ఎడమ దిక్కు తలుపు తీసి, సత్తయ్య సూపెట్టిన మ్యాట్ ఎత్తిన. కింద మందపాటి పరుపు లెక్క ఉంటది, అది నానిపోయి ఉంది. వేలుతోని ఒత్తి, రెండు వేళ్ల మధ్య రుద్దిన. ఏసీ నీళ్లైతే ఉట్టి నీళ్ల లెక్కనే ఉంటయ్, వాసన ఉండదు. ఇది జిగటగ ఉంది, పచ్చగ ఉంది. ముక్కు కాడ పెట్టుకుంటే అదే వాసన. కూలెంట్. రోజూ నా చేతుల మీద పడే కూలెంట్. డబ్బాల ఉన్నప్పుడు గుర్తుపట్టే వాసనను, మనిషి కూసునే చోట గుర్తుపట్టలేకపోయిన.

తెల్వనోళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలె. బండి లోపట, డాష్‌బోర్డు ఎనుక, పుస్తకం అంత సైజుల ఒక చిన్న రేడియేటర్ ఉంటది. దాన్ని హీటర్ కోర్ అంటరు, మా షెడ్లల్ల హీటర్ కాయిల్ అంటం. ఇంజన్ కాడ కాగిన నీళ్లు రెండు పైపులతోని దాంట్లకు పోయి వస్తయ్. బ్లోయర్ గాలి దాని మీదికెళ్లి వస్తే వేడిగాలి. మన హైదరాబాద్ల దాని అవసరం తక్కువ, అందుకే అది ఉందన్న సంగతే మెకానిక్ మరిచిపోతడు. అది లీకైతే నీళ్లు బయట రోడ్డు మీద పడవు. కాళ్ల కింద పడ్తయ్. ఆవిరై గాలిల కలుస్తయ్. అద్దం మీద జిడ్డై కూసుంటయ్. మూసిన క్యాబిన్ల రోజూ నాలుగైదు గంటలు ఆ గాలి పీలిస్తే తల బరువు కాకుండ ఎట్లుంటది? కండ్లు ఎర్రబడకుండ ఎట్లుంటయ్?

ఇంజన్ చల్లగైనంక రేడియేటర్ మూత కాడ చేతి పంపు పెట్టి ప్రెషర్ ఇచ్చిన. పంపు మీది మీటర్ సూది నిలబడలేదు, మెల్లగ దిగుతుంది. షెడ్ల అందర్నీ నిమ్మలంగ ఉండుమని చెప్పి డాష్‌బోర్డుకు చెవి ఆనిచ్చిన. లోపట నుంచి సన్నగ, పాలు పొంగే ముందు వచ్చే చప్పుడు లెక్క వినిపించింది.

డాష్‌బోర్డు ఇప్పిన రోజు

విజయక్కకు ఫోన్ చేసి హీటర్ లీకుందని చెప్పిన. సత్తయ్య పేరు ఎత్తలేదు, ఇంకా ధైర్యం రాలేదు.

"ఆ రెండు పైపులు కలిపి బైపాస్ చేసెయ్యన్నా, రేపు బండి కావాలె" అన్నది. ఆమె చెప్పింది తప్పు కాదు. ఈ ఊర్ల పది మంది మెకానిక్‌లల్ల తొమ్మిది మంది అదే చేస్తరు. అర్ధగంట పని. కానీ బైపాస్ చేస్తే చలికాలం పొద్దుగాల అద్దం మీద మంచు పోయేటందుకు వేడిగాలి ఉండదు. అది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం, నాకు దాన్ని కండ్లతోని సూడాలని ఉండె. నా తప్పు ఎంత సైజుదో చేతిల పట్టుకొని సూడాలె. "రెండు రోజులు పడ్తదక్కా" అని చెప్పి ఫోన్ పెట్టేసిన.

ఆ పని చేసెటోళ్లకు నేను నేర్చుకున్నది చెప్త. తొందర ఉన్న రోజు డాష్‌బోర్డు ముట్టకున్రి. మొదలు బ్యాటరీ వైరు తీయాలె. కూలెంట్ సాఫ్ ఉన్న టబ్బుల దించాలె, నేల మీద పారబోస్తే కుక్క నాకి చస్తది, అది తియ్యగుంటది. ఇంజన్ దిక్కు హీటర్ పైపులు పాతవైతే గుంజకున్రి. గుంజితే కోర్ మూతి ఇరుగుతది. బ్లేడుతోని నిలువుగ కోసి ఇప్పున్రి, పైపు కొత్తది వేసుకోవచ్చు. ప్రతి వైరు జోడుకు టేపు అంటిచ్చి నంబరు రాయున్రి. నాకు యాదికుంటదిలే అనుకున్న రోజే యాదికుండదు.

స్క్రూలన్ని తీసినా డాష్‌బోర్డు రాకుంటే, బలం పెట్టకున్రి. ఎక్కడో ఒక్కటి మిగిలిందన్నట్టు. ఆ రోజు నాకు సిగరెట్ బూడిద డబ్బా కింద ఒకటి దాక్కొని ఉండె. దాన్ని వెతకడానికి గంట పట్టింది. ఉస్తాద్ అయితే ఐదు నిమిషాలల్ల పట్టెటోడు. కానీ సత్తయ్యను అడిగితే ఒక్క నిమిషంల చెప్పెటోడేమో. ఆ బూడిద డబ్బా కదులుతుందని ఎప్పుడో ఆయనే స్క్రూ వేసుకున్నడట, తర్వాత తెల్సింది.

స్టీరింగ్ కిందికి దించి, షెడ్ల పని నేర్చుకునే పిల్లగాడు, నేను చెరో దిక్కు పట్టి డాష్‌బోర్డు బయటికి తెచ్చినం. హీటర్ డబ్బా కనిపించింది. పైపు మూతులకు బట్ట కుక్కి, డబ్బా అడ్డం కాకుండ ఎత్తి టేబుల్ మీద పెట్టిన. ఇప్పితే కోర్ ఒక మూలకు పచ్చటి ఉప్పు లెక్క పేరుకొని ఉంది. ఒక మూతి మూసి, ఇంకో మూతికెళ్లి సన్నగ గాలి పెట్టి నీళ్ల టబ్బుల ముంచిన. ఆ మూల నుంచి బుడగలు వరుసగ లేచినయ్. రంధ్రం బియ్యపు గింజంత కూడా లేదు.

లోపట సూస్తే మూతి చుట్టూత తెల్లగ, గోధుమ రంగు గార. బోరు నీళ్ల గార. కూలెంట్ తక్కువైనప్పుడల్లా మా షెడ్డు నల్లా కాడ పట్టి పోసిన నీళ్లు. లోహాన్ని లోపట లోపట తిన్నది అది. రోగం ఇచ్చింది నేను, రోగం లేదన్నది నేను, రోగమున్నోని మీద నింద వేసింది నేను.

మేడిపల్లిల

కోర్‌ను కవర్ల చుట్టుకొని నాచారం పోయిన. విజయక్క బేకరీల ట్రేలు లెక్క పెడుతుంది. టేబుల్ మీద పెట్టి అంత చెప్పిన. ఆమె కోర్ దిక్కు సూడలేదు. నా మొఖం దిక్కు సూసింది.

"నేను అడిగిన కదన్నా నిన్ను. బండిల ఉందా, మనిషిల ఉందా అని అడిగిన."

"అడిగినవక్కా."

"నువ్వు చెప్పకపోయినా నేను తీసేసేదాన్నేమో. కానీ నువ్వు చెప్పినవ్." తర్వాత ఆప్రాన్ ఇప్పి కుర్చీ మీద వేసి, "పోదాం పా" అన్నది.

ఇద్దరం మేడిపల్లి పోయేసరికి సత్తయ్య ఇంకా షాపు నుంచి రాలేదు. ఆయన భార్య లలిత తలుపు కాడనే నిలబెట్టింది. మమ్మల్ని లోపటికి రమ్మనలేదు, తప్పు లేదు. నేను చెప్పుడు మొదలు పెట్టిన. సగంల ఆమె చెయ్యి సాపి నా చేతుల నుంచి కోర్ తీసుకున్నది. ముక్కు కాడ పెట్టుకున్నది.

"ఇదే" అన్నది. "ఆయన అంగీలు ఉతికేటప్పుడు ఇదే వాసన. ఒకనాడు నేను కూడ అడిగినక్కా, నోరు సూపెట్టుమని. బిడ్డ ముందట నోరు తెరిచి సూపెట్టిండు. నోట్ల వాసన లేదు. అయినా నేను నమ్మలేదు. ఏదో తిని దాస్తున్నడనుకున్న." గోడకు ఒరిగి కింద కూసొని ఏడ్చింది. విజయక్క పోయి పక్కల కూసున్నది. నేను బయట చెప్పుల కాడ నిలబడ్డ.

సత్తయ్య వచ్చిండు. జుట్టుకు, కనుబొమ్మలకు సిమెంటు. మమ్మల్ని సూసి ఆగిండు. కాళ్లు కడుక్కొని, గ్లాసెడు నీళ్లు తాగి, అప్పుడు వచ్చి కూసున్నడు. నేను మళ్ల మొత్తం చెప్పిన. ఈసారి ఏం తగ్గియ్యలేదు. ఆయన మూడు సార్లు వచ్చి చెప్పింది, నేను చెయ్యి లేపింది, బోరు నీళ్లు, అన్ని.

విజయక్క అన్నది, "తప్పయింది సత్తయ్యా. రేపటి సంది బండికి రా."

"అక్కా, నువ్వు నాల మీ ఆయన్ను సూసినవ్. దానికి నిన్ను ఏమనలేను." తర్వాత నా దిక్కు తిరిగిండు. గొంతు పెంచలేదు. "నీకు బండి తెల్సు కదన్నా. నీకు తెల్సుండాలె."

"ఏం చెయ్యమంటవో చెప్పు సత్తయ్యా, చేస్త."

ఆయన ఆలోచించలేదు. ఈ మూడు నెలలు ఆలోచించే పెట్టుకున్నడేమో. "ఇక్కడ చెప్పింది అడ్డా మీద చెప్పు. వాళ్లందరి ముందట."

అడ్డా మీద

ఆ అడ్డాల నాకు తెల్వని డ్రైవర్ లేడు. సగం మంది నా షెడ్డుకే వస్తరు. తెల్లారి పొద్దుగాల టీ కొట్టు కాడ పదిహేను మంది దాక ఉన్నరు. సత్తయ్య కొంచెం దూరంల చేతులు కట్టుకొని నిలబడ్డడు. నేను కోర్ పట్టుకొని మధ్యల నిలబడి చెప్పిన. ఎన్ని ఇంజన్లు దించిన్నో, గంత బరువు నేను ఎప్పుడూ ఎత్తలేదు. తప్పు నాది అన్న. ఒకడు నవ్విండు. ఇంకొకడు, "గింత చిన్న దానికేనా" అన్నడు. "గింత చిన్న దానికే" అన్న.

ఎవరు ఏమంటరో అని సూస్తున్న. ఎనుక నుంచి ఒక డ్రైవర్ ముందుకు వచ్చి, "అన్నా, నా బండిల కూడ అద్దం లోపట జిడ్డు వస్తుంది. గదేనా?" అని అడిగిండు. ఇంకొకడు నీళ్లు తగ్గుతున్నయన్నడు. సూస్తుంటే అందరూ నా చుట్టూత చేరి తమ బండ్ల బాధలు చెప్పబట్టిన్రు. క్షమాపణ సంగతి మరిచే పోయిన్రు. నాకు కొంచెం అవమానం అనిపించింది, కొంచెం నిమ్మలం కూడ అనిపించింది. తల ఎత్తి సూస్తే, అడ్డాల అందరికంటే పెద్ద డ్రైవర్ ఒకాయన రెండు టీలు పట్టుకొని సత్తయ్య కాడికి పోయి ఒకటి ఆయన చేతిల పెట్టిండు. ఇద్దరు టీ తాగిన్రు.

సత్తయ్య మళ్ల విజయక్క కాడికి పోలేదు. ఆమె రెండు సార్లు పిలిచింది. కోపం లేదని, కానీ ఆ సీట్ల కూసోబుద్ధి అయితలేదని చెప్పిండట. కొన్ని నెలలకు ఘట్‌కేసర్ దిక్కు ఒక స్కూల్ వాళ్లు పిల్లల వ్యాన్‌కు డ్రైవర్ కావాలని అడ్డాకు వచ్చిన్రు. తాగెటోడు అస్సలు వద్దన్నరు. అడ్డా మొత్తం ఒక్కటే పేరు చెప్పిందని విన్న.

ఖాదర్ ఉస్తాద్ అప్పటికే లేడు. ఉంటే పోయి చెప్పెటోణ్ణి: ఉస్తాద్, డ్రైవర్ తన తప్పు దాస్తడన్నది కొన్నిసార్లు నిజమే, కానీ మెకానిక్ కూడ దాస్తడు. ఈ పనిలకు వచ్చే పిల్లలకు నేను చెప్పేది చిన్నదే. బండి గురించి తెల్సింది చెప్పున్రి. తెల్వకుంటే తెల్వదనున్రి. మనిషి గురించి అడిగితే, అది మీ పని కాదని చెప్పి ఊకోన్రి. బోరు నీళ్లు రేడియేటర్ల పోయకున్రి.

ఏడాది దాటినంక ఒక పగటీలి షెడ్డు ముందట పసుపు రంగు వ్యాన్ ఆగింది. సత్తయ్య దిగిండు. తాళంచెవి నా చేతికి ఇచ్చి, అలవాటు ప్రకారం పక్కకు జరగబోయిండు.

"ఆగు సత్తయ్యా, ఏమైందో చెప్పు."

"పిల్లల బండన్నా. బ్రేక్ నొక్కితె ఎడమ దిక్కు కొంచెం గుంజుతుంది. ఎప్పుడూ కాదు, పది పదిహేను సార్లు నొక్కినంక. వాన పడ్డ రోజైతె అస్సలు గుంజదు..."

స్టూలు గుంజుకొని కూసున్న. ఆయన నిమ్మలంగ, ఒకటొకటి చెప్పుకుంట పోయిండు. ఏ రోడ్డు మీద, ఎంత స్పీడుల, ఎంత మంది పిల్లలు ఉన్నప్పుడు. చెప్పుడు అయిపోయేదాక బండిని ముట్టలేదు.

"ఇంకేమన్న ఉందా?"

ఆయన వ్యాన్ దిక్కు ఒకసారి, నా దిక్కు ఒకసారి సూసిండు.

"ఉందన్నా" అని ఇంకో స్టూలు దగ్గరికి గుంజుకున్నడు.